గ్రిమ్సే దీవిలో ఒక చదరంగం బల్ల

డాల్విక్ రేవులో ఫెర్రీ ఎక్కితే గ్రిమ్సేకి సుమారు మూడు గంటలు. ఐస్‌లాండ్ ఉత్తర తీరానికి 40 కిలోమీటర్ల అవతల, ఆర్కిటిక్ వలయం మీదున్న చిన్న దీవి. ఊరంతా కలిపినా వందమంది లేరు. ఓడలో చాలామంది పఫిన్ పక్షుల్ని చూడ్డానికి వచ్చినవాళ్లే. నన్ను రప్పించింది మాత్రం విలర్డ్ ఫిస్క్.

ఫిస్క్ అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి మొదటి గ్రంథపాలకుడు. 1879లో ఓడలో పోతూ ఈ దీవిని దూరం నుంచి చూశాడు. ఇక్కడివాళ్లకి చదరంగమంటే ప్రాణమని విని చదరంగం సెట్లు, పుస్తకాలు పంపించాడు. 1904లో చనిపోయేముందు దీవి పేర 12,000 డాలర్లు రాసిపెట్టాడు. ఒక్కసారైనా ఇక్కడ కాలు మోపలేదు! ఆయన పుట్టినరోజు, నవంబరు 11, ఇప్పటికీ ఊరికి పండగే. ఆయన స్మారకం దగ్గర నిలబడి చాలాసేపు ఆ మనసు గురించే ఆలోచించాను. తలమీద ఆర్కిటిక్ టర్న్‌లు (ఇక్కడివాళ్లు 'క్రీయా' అనే సముద్రపక్షులు) ముక్కులు చాపి దూకుతూనే ఉన్నాయి.

రేవు దగ్గర కాఫీ తాగుతుంటే చేపల పడవ నడిపే పెద్దాయన ఒకరు బల్ల పరిచి ఆటకు పిలిచారు. ఆటని వాళ్లు 'స్కౌక్' అంటారు. డేన్‌లు, స్వీడన్‌వాళ్లు, నార్వేవాళ్లు పలికే మాటలూ దీని చుట్టాలే. అన్నిటికీ మూలం పారశీకంలో రాజుని పిలిచే 'షా'. మన చతురంగమే పారశీకానికి, అరబ్బులకి చేరి, యూరప్ మీదుగా ఈ చలిదేశానికి వచ్చింది. రాజుకి ఎదురు పెట్టేటప్పుడు చెప్పే మాటే దారిలో ఆట పేరైపోయింది.

పావుల పేర్లు ఒక్కొక్కటే చెప్పించుకున్నాను. మనం శకటు, అంటే బండి, అనేదాన్ని వాళ్లు 'బిస్కుప్' అంటారు, చర్చి పెద్ద అన్నమాట. మూలగడిలో మన ఏనుగు ఉండేచోట వాళ్లకి 'హ్రోకుర్'. ఇది పారశీకుల రుఖ్, అంటే రథం. మన బండి రాజుకి దగ్గరగా ఉంటే, వాళ్ల రథం మూలకి వెళ్లిందని చెప్పగానే పెద్దాయన పావు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. ఆట మధ్యలోనే ఆగిపోయింది. మనవాళ్ల ఏనుగు ఎలా నడుస్తుందో, మంత్రి ఎవరో అన్నీ అడిగి తెలుసుకున్నారు.

వెళ్లేవాళ్లకి ఒక మాట. ఫెర్రీ కొద్ది గంటలే ఆగుతుంది, ఆ కాస్త సమయం పఫిన్‌లకే సరిపోతుంది. ఒక రాత్రి ఉండేలా చూసుకోండి. వేసవిలో అర్ధరాత్రి కూడా వెలుతురే, ఆటకి లోటుండదు.