చెమటకాయలకు ఏం రాయాలంటే

రోహిణి కార్తె దగ్గర పడిందంటే చాలు, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పిల్లల మెడల ఫోటోలు మొదలైతాయి. ఇసుక చల్లినట్టు ఎర్రటి చెమటకాయలు, కింద ఒకటే ప్రశ్న: "వదినా, ఏం రాయమంటవ్?" ముందు రాసింది కడిగేయమంటాను. ఈ జవాబు ఎవరికీ నచ్చదు.

చెమట బయటికొచ్చే సన్న దారులు మూసుకుపోయి, అది లోపలే నిలిచి చర్మాన్ని రేపితే వచ్చేవే చెమటకాయలు. అట్లా మూసుకుపోయినవాటి మీద ఇంత కొబ్బరినూనె పట్టించి, పైన ఇంత పౌడరు మెత్తితే ఇంకేం తగ్గుతుంది? నల్గొండ ఎండలకు కావాల్సింది గాలి, చల్లదనం. పాతబడి మెత్తగైన కాటన్ బనీను, కూలరు గాలి తగిలే చోట పడక, రెండు పూటలా చన్నీళ్ల స్నానం, తువ్వాలతో రుద్దకుండా అద్దుకోవడం. దురద మరీ ఎక్కువుంటే చన్నీళ్లలో ముంచి పిండిన గుడ్డ కాసేపు వేసి ఉంచండి. పిల్లల గోళ్లు కత్తిరించండి, గోకి గోకి పుండు చేసుకున్నాక వచ్చే చీము అసలు బాధ కంటే పెద్దది.

ముంజల సంగతి మాత్రం ఒప్పుకుంటాను. చిట్యాల, నార్కట్‌పల్లి దాటేటప్పుడు రోడ్డు పక్కన అమ్మే ముంజలు తెచ్చుకుని తిన్నాక, ఆ పొట్టు పారేయకుండా తడి వైపు వీపుకు రుద్దడం మా ఇండ్లల్ల ఎప్పటినుంచో ఉన్నదే. అందులో ఏదో మందు ఉందని నేననను. ఉన్నదంతా నీళ్లే, ఆ తడి ఆరేకొద్దీ చర్మం చల్లబడుతుంది, నూనెలాగా జిడ్డు మిగలదు. కాసేపాగి కడిగేసుకోవాలి, లేకుంటే జిగటకు చీమలు పడతాయి.

వేపాకు మరిగించి చల్లార్చిన నీళ్లతో స్నానం సరే. అదే వేపాకును పచ్చిగా నూరి, గోకి పచ్చిగైన చోట పట్టిస్తే పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తారు. కలబంద కొందరికి హాయిగా ఉంటుంది, కొందరికి దానితోనే దద్దుర్లు వస్తాయి కాబట్టి ముందు ముంజేతి మీద కొంచెం రాసి ఒక రోజు చూడండి. నిమ్మకాయ అయితే అస్సలు వద్దు. దాని రసం పూసుకుని ఎండలోకి పోతే చర్మం కాలినట్టు పొక్కి, నల్లటి మచ్చలు వారాల తరబడి పోవు.

ఇక నీళ్లు. నల్గొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, పటిక, సున్నం వేసి దాన్ని తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరే పడింది మరి. కానీ ఒంటి దురద విషయంలో నా అనుమానం బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం మీద. అవి సబ్బుతో కలిస్తే నురగ రాదు, తెట్టు కడుతుంది. బకెట్ అంచుకు బూడిద రంగులో పట్టేది అదే, కొంత ఒంటికీ పడుతుంది. నురగ రాలేదని మనం ఇంకా సబ్బు అరగదీస్తాం, చర్మం ఇంకా ఎండిపోతుంది. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు చాలు, ఒళ్లంతా అక్కర్లేదు. మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు వస్తుంటే చివరి రెండు చెంబులు అవి పోసుకోండి. చలికాలంలో ఒళ్లు తెల్లగా పగిలి దురదపెడుతుంటే మాత్రం స్నానం కాగానే, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాయండి, అప్పుడది మంచిదే.

పొలం పోయేవాళ్లకు ఇంకో శత్రువుంది, వయ్యారిభామ. గట్ల మీద, ఖాళీ ప్లాట్లలో తెల్ల పూలతో ముద్దుగా కనిపిస్తుంది. కొందరికి అది తగిలినా, దాని పొడి గాలికి వచ్చి పడినా కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు మండిపోతాయి. పీకితే పూత రాకముందే, చేతులకు తొడుగులేసుకుని పీకాలి, ఇంటికి రాగానే బట్టలు మార్చి ఒళ్లు కడుక్కోవాలి. బెణికిన చోట నల్లజీడి చమురు పెట్టే అలవాటు కూడా ఊళ్లల్లో ఇంకా పోలేదు. బెణుకు సంగతేమో గానీ దానికి చర్మం బొబ్బలెక్కి నీరు కారుతుంది. ఆకులు, గింజలు అయినంత మాత్రాన మెత్తగా చూస్తాయా?

గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి పెరుగుతూ పోయే మచ్చలుంటే అవి చెమటకాయలు కావు, తామర. వాటికి మందుల షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబు రాస్తే వారంలో మాయమై, మానేయగానే రెట్టింపు వస్తున్నాయా? ట్యూబు మీద క్లోబెటసాల్, బెటామెథాసోన్ లాంటి పేరుందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. ఇలాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చినా చేతికి దొరుకుతూనే ఉన్నాయి. అప్పటికే వాడుతుంటే ఆ ట్యూబు తీసుకుని చర్మం డాక్టరు దగ్గరికి పోండి. దద్దుర్లతో పాటు జ్వరమో, చీమో ఉంటే అదే రోజు చూపించుకోండి. పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయండి, నాకు ఫోటో పంపకండి.