మూడు రంధ్రాలకొక రేకు

దేవుడి మందిరానికి నాలుగు టేకు స్తంభాలు కావాలంది అమ్మ. ఒక్కోదాని తలమీద ఎనిమిది రేకుల తామర మొగ్గ. నా దగ్గరున్నది మూడు యాక్సిస్‌ల చిన్న సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు మూడు దిశల్లో కదులుతూ కట్టె చెక్కే మెషిన్. పైకి ఉన్న ముఖం మాత్రమే చెక్కుతుంది. మోటరుతో కట్టెను తిప్పే నాలుగో యాక్సిస్ పెట్టాలంటే కంట్రోలర్ కూడా మార్చాలి. తిప్పేది ఎనిమిదిసార్లే కదా, చేత్తో తిప్పుకుంటే పోలా అనుకున్నాను.

రాణిగంజ్‌లో రెండు పి204 పిల్లో బ్లాకులు (షాఫ్టును మోసే బేరింగు గూళ్లు), 20 మి.మీ. షాఫ్టు కొన్నాను. ఒక్క బ్లాకుతో పని జరగదు, లోపలి బేరింగు తన గూట్లో కొంచెం అటూ ఇటూ ఒరుగుతుంది. కట్టెను పట్టే ఫ్లాంజి బాలానగర్‌లో లేత్ మీద చేయించాను. ఆ అన్న నా డ్రాయింగు చూసి, "కట్టె మూల కింద తగులుతది కద తమ్మీ?" అన్నాడు. నిజమే. 60 మి.మీ. చదరపు కట్టెకు మూల నుంచి మూలకు 85 మి.మీ., అంటే ఇరుసు (షాఫ్టు నడిమి గీత) నుంచి 42కి పైనే. బ్లాకులో ఇరుసు ఎత్తు 33. కంప్యూటర్లో ఎన్నిసార్లు తిప్పి చూసినా నాకు తట్టనిది ఆయన చాయ్ తాగుతూ చెప్పేశాడు. కింద 18 మి.మీ. ప్లై ముక్కలు వేసి ఎత్తాను.

ఇండెక్స్ ప్లేటు, అంటే రంధ్రంలో పిన్ను వేసి షాఫ్టును కావలసిన కోణంలో ఆపే ప్లేటు, నా మెషిన్ మీదే కోశాను. 24 రంధ్రాలు, 15 డిగ్రీలకొకటి. మూడు జరిపితే 45, అంటే ఒక రేకు. ప్లైతో చేసింది వారంలో వదులైపోయింది. తర్వాత 160 మి.మీ. వ్యాసంతో హైలం షీటులో (రెజిన్‌తో చేసిన గట్టి పలక) కోసి, కింద తగలకుండా మెషిన్ బెడ్డు అంచు బయటికి వచ్చేలా పెట్టాను. ప్లేటు పెద్దదైతే పిన్ను దగ్గరి వదులు కట్టె మీద అంతగా తెలియదు. పిన్నుకు తోడు షాఫ్టును బిగించే బోల్టు, రెండో కొసన కట్టెకు ఆని దానితోపాటు తిరిగే మొన, రివాల్వింగ్ సెంటర్.

ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క మీద మొదటి మొగ్గ చెక్కాను. రేకు రేకుకీ మధ్య మెట్టు! ప్లేటులో కోణం తప్పిందని రెండు రోజులు దాన్నే తిట్టుకున్నాను. పాపం, దాని తప్పేం లేదు. తప్పు నా జీరోది, అంటే మెషిన్ కొలతలు మొదలయ్యే చోటుది. ఇలా తిప్పి చెక్కేటప్పుడు జెడ్ (ఎత్తు) జీరో కట్టె పైన కాదు, ఇరుసు మధ్యలో ఉండాలి. అది సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. జెడ్ 25 దగ్గర ఒక ముఖం చదును చేసి, 180 తిప్పి, అదే 25 దగ్గర రెండోదీ చదును చేయడం. వెర్నియర్‌లో మందం 50 రావాలి. నాకు 50.8 వచ్చింది. అంటే జీరో 0.4 కిందికి దించాలి. వై (అడ్డం) దిశలోనూ ఇలాగే అంచులు కోసి సరిచేశాను. బిట్టు మార్చినప్పుడల్లా ఈ తంతు లేకుండా, ఇరుసుకు ఎంత కింద ఉందో కొలిచిన ఒక ఇనుప ముక్కను బెడ్డుకు బిగించాను. కొత్త బిట్టును దానికి తాకిస్తే చాలు.

ముందు 6 మి.మీ. బిట్టుతో ఎనిమిది వైపులా రఫింగ్ (మోటు కోత), ఆ తర్వాతే గుండ్రటి మొన ఉన్న బాల్ నోస్ బిట్టుతో ఫినిషింగ్. అతుకులు గోరుకు కూడా తగలడం లేదు.

మూడు స్తంభాలు అయ్యాయి. నాలుగోది ఆరో రేకు దగ్గర ఉండగా ఫోనొచ్చింది, మాట్లాడుతూ రెండు రంధ్రాలకే పిన్ను వేశాను. మంచి టేకు ముక్క పొయ్యిలోకి. ఇప్పుడు ప్రతి మూడో రంధ్రం చుట్టూ ఎర్ర నెయిల్ పాలిష్ ఉంది.