6000 అని కొన్న ర్యామ్ 4800 దగ్గరే ఎందుకు ఆగుతుంది

డబ్బా మీద డీడీఆర్5-6000 అని ఉంటుంది (ఆ అంకె సెకనుకు ఎన్ని మిలియన్ల సార్లు డేటా పంపుతుందో చెబుతుంది). బిగించి, విండోస్ ఎక్కించి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్‌కి వెళ్లి మెమరీ మీద నొక్కితే 4800 కనిపిస్తుంది. షాపువాళ్లు మోసం చేయలేదు, ర్యామ్ పాడవలేదు. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌లో, ఒక సెట్టింగ్ మార్చేదాకా అది అలాగే నడుస్తుంది. మార్చడానికి రెండు నిమిషాలు చాలు. మార్చిన వేగం నిలబడిందో లేదో తేల్చుకోవడమే అసలు పని, చాలామంది వదిలేసేదీ అదే.

సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో చూసేవాళ్లకు 2400 అని కనిపిస్తే కంగారు అక్కర్లేదు. డీడీఆర్ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది, ఆ అంకెను రెట్టింపు చేసుకోవాలి. 6000 సరిగ్గా నడుస్తుంటే అక్కడ 3000కి దగ్గరగా ఉంటుంది.

ప్రతి ర్యామ్ స్టిక్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. అందులో జెడెక్ అనే సంస్థ ప్రమాణం ప్రకారం 1.1 వోల్టులతో ఎక్కడైనా నడిచే వేగం రాసి ఉంటుంది, సాధారణంగా 4800 లేదా 5600. ప్రకటించిన వేగం దాని పక్కనే వేరే ప్రొఫైల్‌గా ఉంటుంది. ఇంటెల్ పద్ధతిలో అది ఎక్స్ఎంపీ, ఏఎండీ 2022లో రైజెన్ 7000తో తెచ్చినది ఎక్స్‌పో. 6000 కిట్లకు ఈ ప్రొఫైల్ చాలావరకు 1.35 వోల్టులు అడుగుతుంది. ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ ఆ వేగాన్ని తట్టుకుంటుందో లేదో బోర్డుకు ముందుగా తెలియదు కాబట్టి, మనం చెప్పేదాకా జెడెక్ వేగంతోనే బూట్ అవుతుంది. రెండు స్టిక్‌లతో రైజెన్ 7000కి ఏఎండీ అధికారికంగా చెప్పేది 5200, రైజెన్ 9000కి 5600. అంటే 6000 ఓవర్‌క్లాకే, అధికారిక పరిమితిని దాటించడమే. ర్యామ్ కంపెనీ హామీ స్టిక్ వరకే, కంట్రోలర్‌కు కాదు.

బయోస్‌లోకి వెళ్లేముందు స్లాట్లు చూడండి. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్‌లు పెట్టాల్సింది ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోదీ నాలుగోదీ, అంటే ఏ2, బీ2. మొదటిదీ మూడోదీ వాడితే వాటి అవతల ఖాళీగా మిగిలిన తీగ నుంచి సిగ్నల్ వెనక్కి తన్నుతుంది. 4800లో తెలియని ఈ లోపం 6000లో బయటపడుతుంది. నాలుగు స్టిక్‌లు నింపితే ఇంకా కష్టం. రైజెన్ 7000కి అప్పుడు అధికారిక వేగం 3600 మాత్రమే. 64 జీబీ కావాలంటే 32 జీబీవి రెండు ఉన్న ఒకే కిట్ కొనండి. అదే మోడల్ కిట్లు విడివిడిగా రెండు కొన్నా లోపలి చిప్‌లు వేరు కావచ్చు, పైగా ఆ నాలుగింటినీ కలిపి ఎవరూ పరీక్షించలేదు.

తర్వాత బయోస్ అప్‌డేట్. ఇది దాటవేయకండి. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయాయి. ఆ తర్వాత వచ్చిన బయోస్‌లు ఎస్ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లేది) 1.3 దాటనివ్వవు. అంతకుముందు బయోస్ ఉన్న బోర్డులో ఎక్స్‌పో ఆన్ చేయడం మంచిది కాదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు పోవచ్చు కాబట్టి యూపీఎస్ మీద చేయండి. డిస్క్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ముందే సస్పెండ్ చేసి, రికవరీ కీ ఫోన్‌లోనో కాగితం మీదో రాసిపెట్టుకోండి.

ఇక స్టార్ట్ అవుతున్నప్పుడు డిలీట్ కీ నొక్కి, ఎక్స్‌పో లేదా ఎక్స్ఎంపీ అన్నచోట మొదటి ప్రొఫైల్ ఎంచుకుని ఎఫ్10తో సేవ్ చేయడమే. కొన్ని ఏఎండీ బోర్డుల్లో దీన్ని డీఓసీపీ అనో ఏ-ఎక్స్ఎంపీ అనో అంటారు. రీస్టార్ట్ అయ్యాక స్క్రీన్ నల్లగా ఉండిపోయి, బోర్డు మీద డీర్యామ్ లైటు వెలుగుతుంటే కదిలించకండి. అది మెమరీ ట్రైనింగ్, అంటే ఆ వేగానికి సరిపడే సెట్టింగులను బోర్డు వెతుక్కోవడం. రైజెన్ 7000, 9000 పెట్టే ఏఎం5 బోర్డుల్లో మొదటిసారి కొన్ని నిమిషాలు పడుతుంది. భయపడి పవర్ ఆపితే మళ్లీ మొదటికే వస్తుంది. పావుగంట దాటినా బొమ్మ రాకపోతే అప్పుడు ఆపి, ప్లగ్ తీసి, సీమాస్ జంపర్ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్‌తో కొన్ని సెకన్లు కలపండి. బయోస్ పాత స్థితికి వస్తుంది.

విండోస్ వచ్చింది, 6000 కనిపించింది. పని ఇక్కడితో అయిపోలేదు. అస్థిరంగా ఉన్న ర్యామ్ వెంటనే క్రాష్ అవ్వాలనేమీ లేదు. జిప్ ఫైల్ విప్పితే డేటా చెడిందని చెప్పే సీఆర్‌సీ ఎర్రర్ రావడం, బ్రౌజర్ ట్యాబ్‌లు ఉన్నట్టుండి మూసుకుపోవడం, ఎప్పుడో ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అన్న నీలి తెర, ఇవీ దాని లక్షణాలు. ఏ సూచనా లేకుండా ఫొటోలు, డాక్యుమెంట్లు చెడిపోవడం వీటన్నిటికంటే ప్రమాదం. డీడీఆర్5లో లోపలే ఈసీసీ (తప్పులను దిద్దే ఏర్పాటు) ఉందిగా అంటారు. అది చిప్ లోపలి పొరపాట్లనే దిద్దుతుంది, స్టిక్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారిలో జరిగేవాటిని కాదు.

కాబట్టి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నాలుగు పాస్‌లు నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఫెయిలే. తర్వాత విండోస్‌లో టెస్ట్‌మెమ్5 గానీ ఓసీసీటీ గానీ నడపండి. వేడెక్కేకొద్దీ ర్యామ్‌లో తప్పులు పెరుగుతాయి. గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడిగాలి కూడా స్టిక్‌ల మీదుగానే పోతుంది. జనవరిలో పాసైన సిస్టమ్ రామగుండం మే నెల ఎండల్లో ఫెయిల్ కావచ్చు. మధ్యాహ్నం పూట, గ్రాఫిక్స్ కార్డు మీద కూడా లోడ్ పెట్టి పరీక్షించండి. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ప్రోగ్రామ్‌లో స్టిక్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది.

ఎర్రర్లు వస్తే స్టిక్‌లు తీసి మళ్లీ గట్టిగా నొక్కి పెట్టండి. అప్పటికీ వస్తుంటే ప్రొఫైల్‌ని అలాగే ఉంచి వేగం మాత్రం 5800కి, తర్వాత 5600కి తగ్గించండి. సీఎల్ అంటే ర్యామ్ జవాబివ్వడానికి పట్టే క్లాక్‌ల లెక్క. 6000 సీఎల్30 అంటే ఆలస్యం 10 నానోసెకన్లు, 5600 సీఎల్30 అంటే 10.7. రెండు ఛానళ్ల మీద 96 జీబీకి బదులు సెకనుకు 89.6 జీబీ వస్తుంది. 4800 సీఎల్40లో ఇవే అంకెలు 16.7 నానోసెకన్లు, 76.8 జీబీ. అసలు నష్టం అక్కడుంది కానీ 5600లో లేదు. ఆ కొంచెం కోసం వోల్టేజీలు పెంచుకుంటూ పోవడం నా దృష్టిలో దండగ. రైజెన్ 7000కి 7200 కిట్ కొనడమూ అంతే. 6400 దాటితే చాలా ప్రాసెసర్లలో మెమరీ కంట్రోలర్ సగం క్లాక్‌కి దిగిపోతుంది, పెరిగిన వేగంలో పెద్ద భాగం అక్కడే పోతుంది.

కొన్ని బోర్డుల్లో ఎంత వెతికినా పూర్తి వేగం రాదు. ఇంటెల్ హెచ్610 చిప్‌సెట్ మెమరీ ఓవర్‌క్లాక్‌ని అనుమతించదు. పాత బీ460 బోర్డులో ఐ5-10400 పెడితే డీడీఆర్4-3200 ర్యామ్ కూడా 2666 దగ్గరే ఆగుతుంది. ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎక్స్ఎంపీ ఆప్షనే ఉండదు. వాటికి కొనేటప్పుడు జెడెక్ వేగమే 5600 ఉన్న స్టిక్‌లు అడిగి తీసుకోండి. వాటిని 1.1 వోల్టులవని గుర్తుపట్టవచ్చు.