పాత ట్వీట్లు ఎక్కడికీ పోవు

ఇంగ్లండ్ బౌలర్ ఓలీ రాబిన్సన్ గుర్తున్నాడా, 2021లో లార్డ్స్‌లో న్యూజిలాండ్ మీద ఫస్ట్ టెస్ట్ ఆడి 7 వికెట్లు తీశాడు, కానీ ఆ మ్యాచ్ మొదటి రోజే, ఎప్పుడో 2012-13లో టీనేజ్‌లో పెట్టిన రేసిస్ట్, సెక్సిస్ట్ ట్వీట్లు బయటికొచ్చాయి, మ్యాచ్ అవ్వగానే ఇంగ్లండ్ బోర్డు సస్పెండ్ చేసేసింది. బేస్‌బాల్‌లో జాష్ హేడర్‌దీ సేమ్ కథ, 17 ఏళ్లప్పుడు రాసినవి 2018 ఆల్ స్టార్ గేమ్ నడుస్తుండగానే బయటపడ్డాయి.

వీళ్లంటే అప్పటికే టీమ్‌లో ఉన్నారు. స్కూల్ పిల్లల సంగతి ఇంకా కష్టం, సెలెక్ట్ చేసే కోచ్ ఆట వీడియోతో పాటు అకౌంట్ కూడా చూస్తాడు, రిఫరీని తిట్టిన స్టోరీ, ఓడిన రాత్రి టీమ్‌మేట్ మీద వేసిన సెటైర్, డిలీట్ చేసినా ఎవడో ఒకడు స్క్రీన్‌షాట్ తీసే ఉంటాడు. ఎందుకు వద్దనుకున్నారో కూడా చాలాసార్లు చెప్పరు, రిప్లై రాదు అంతే.

చిన్నప్పటి కూతలకి అంత పెద్ద శిక్షా అంటే, నాకూ కొన్నిసార్లు ఎక్కువే అనిపిస్తుంది.