మెట్లు పీకేసిన బేస్ గిటార్

పదేళ్లుగా వాయిస్తున్న నా పాత బేస్ గిటార్‌కి మొన్న జూన్‌లో ఫ్రెట్లన్నీ పీకేశాను. వీణకైతే మెట్లంటాం కదా, అవే. మా బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేవాడు "బాగున్నదాన్ని పాడుచేసుకున్నావు కదరా" అని బాధపడ్డాడు. కానీ అమెరికన్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ వాయించిన ఫ్రెట్లు లేని 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్ మోత విన్న రోజు నుంచీ నాకు అదే కావాలి. మనిషి గొంతు ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి జారినట్టు ఉంటుంది అది, మోతని మార్చే పెడల్స్ ఎన్ని కొన్నా ఫ్రెట్ల గిటార్‌లో రాదు.

పీకడం ఒక మధ్యాహ్నం పని. సోల్డరింగ్ ఐరన్‌తో ఫ్రెట్‌ని వేడిచేసి, మూతి నున్నగా అరగదీయించిన కటింగ్ ప్లయర్‌తో ఒక చివర నుంచి మెల్లగా లేపాలి. మూడో ఫ్రెట్ దగ్గర తొందరపడ్డాను, బియ్యపు గింజంత రోజ్‌వుడ్ పెచ్చు ఎగిరిపోయింది. నేలంతా వెతికి పట్టుకుని ఫెవిక్విక్‌తో అతికించాను. ఫ్రెట్లు దిగిన గాడుల్ని ఖాళీగా వదిలేస్తే నెక్, అంటే గిటార్ మెడ, బలం తగ్గి తీగల లాగుడికి ముందుకు వంగుతుంది, అందుకని ప్లైవుడ్ షాపులో అడిగి తెచ్చుకున్న తెల్లటి పల్చని వెనీర్ ముక్కలు కోసి అన్నిటిలోనూ దిగ్గొట్టి, జిగురు పట్టాక గరుకు కాగితంతో సాపు చేశాను. ఫ్రెట్లున్న చోట ఇప్పుడు తెల్ల గీతలు మిగిలాయి.

జాకో తన ఫింగర్‌బోర్డు, అంటే వేళ్లు పడే చెక్క, మీద పడవలకు వాడే ఎపాక్సీ అనే గట్టి పూత పూశాడు, తీగలు చెక్కని కోసెయ్యకుండా. విశాఖలో ఉండి పడవల మందు దొరకదా అని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. అక్కడ ఫైబర్ బోట్లకి మాట్లేసే ఒక పెద్దాయన నా గోలంతా ఓపిగ్గా విని, "బాబూ, మా రెజిన్ మేట్ మీద పడాల, ఒట్టి చెక్క మీద పోస్తే పెచ్చులూడిపోద్ది" అన్నాడు. మేట్ అంటే గాజు పీచుతో చేసిన పట్టా. ఆయన మాట సబబే, అది పాలియెస్టర్ రెజిన్, ఎపాక్సీ కాదు. పూత ఆలోచన మానేసి నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసుకున్నాను, అవైతే చెక్కని అంతగా తినవు. పైగా మా ఇల్లు బీచ్ రోడ్డుకి దగ్గర, ఉప్పుగాలికి గరుకు తీగలు నెల తిరక్కుండా తుప్పు పట్టేవి.

ఇక అసలు కష్టం. మూడు వారాలు ఏది వాయించినా శ్రుతి కింద పలికేది. నా చెయ్యే తిరగలేదనుకున్నాను, రోజూ గంటన్నర కూర్చునేవాణ్ణి, అయినా అంతే. ఒక రాత్రి టేబుల్ ల్యాంప్ కింద గిటార్‌ని పక్కకి తిప్పి చూస్తే అప్పుడు తెలిసింది, నెక్ అంచున ఉండే చుక్కలు పాతవే! ఫ్రెట్ల గిటార్‌కి చుక్క రెండు ఫ్రెట్ల మధ్యన ఉంటుంది, వేలు ఫ్రెట్‌కి కాస్త వెనక పడినా ఫ్రెట్టే స్వరాన్ని సరిచేస్తుంది. ఇక్కడ వేలు సరిగ్గా గీత మీదే పడాలి. మోగే తీగ పొడవు 34 అంగుళాలుండే నా గిటార్ మీద ఐదో స్థానం దగ్గర చుక్కకీ గీతకీ మధ్య దాదాపు 19 మిల్లీమీటర్లు, అంటే దగ్గర దగ్గర పావు స్వరం తేడా. నా కళ్లేమో ఆ చుక్కనే నమ్ముకుని వెళ్తున్నాయి. పాతవాటిని నల్ల మార్కర్‌తో పూడ్చేసి, మా ఆవిడ తెల్ల నెయిల్ పాలిష్‌తో అగ్గిపుల్ల కొనతో గీతల ఎదురుగా కొత్త చుక్కలు పెట్టాను. మర్నాటికే సగం స్వరాలు దారిలో పడ్డాయి.

సెట్టింగ్ సంగతికొస్తే, బైక్ స్పేర్ పార్టుల షాపులో దొరికే ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే పల్చటి రేకుల కట్ట, చాలా పనికొచ్చింది. తీగని మొదటి గీత దగ్గరా చివరి గీత దగ్గరా నొక్కిపట్టి మధ్యలో సందు చూస్తే మొదట 0.4 మిల్లీమీటర్లుంది. నెక్ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్‌ని, పావు చుట్టు బిగించి, ఒక రాత్రి వదిలేసి, మళ్లీ చూసి, 0.15కి తెచ్చాను. ఒక్కసారే బిగించెయ్యకండి, చెక్క కుదురుకోవడానికి టైం పడుతుంది. నెక్ దాదాపు తిన్నగా ఉంటేనే తీగ చెక్కని సన్నగా రాసుకుంటూ ఆ 'మ్వా' అనే మోత పలుకుతుంది. మన ఊళ్లో వానాకాలం తేమకి నెక్ కదులుతుంది, నాది ఆగస్టులో ఒకసారి, జనవరిలో ఒకసారి సరిచేయాల్సి వచ్చింది.

చేతికి దారి చూపించింది మాత్రం మా వీధిలో వయొలిన్ చెప్పే మాస్టారు. విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకున్నాయన, ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1936లో ప్రిన్సిపాల్ అయిన కాలేజీ అది. నేను గీతలు చూసుకుంటూ వాయిస్తుంటే ఆపి, "కళ్లు మూసుకో బాబూ. శ్రుతి ఏదీ?" అన్నారు. తంబూరా యాప్ లేదు మాస్టారూ అంటే, "నాలుగు తీగలున్నాయి, ఒకదాన్ని మోగనీ" అన్నారు.

జి తీగని ఖాళీగా మోగనిచ్చి, పక్కనున్న డి తీగ మీద ఐదో స్థానంలో అదే జి పట్టుకున్నాను. రెండూ 98 హెర్ట్జ్ దగ్గర కలవాలి. వేలు ఆరేడు మిల్లీమీటర్లు వెనకుంటే సెకనుకి ఒక్కటి చొప్పున మోత ఉబ్బి తగ్గుతుంది, అల వచ్చి వెనక్కి పోయినట్టు. వేలిని ముందుకి దొర్లిస్తుంటే ఆ అల నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, ఒకచోట ఆగిపోతుంది, అప్పుడు గిటార్ ఒళ్లంతా కడుపుకి ఆనుకుని ఒక్క స్వరంగా అదురుతుంది. మొదటిసారి అది తగిలినప్పుడు మాస్టారు ఏమీ అనలేదు, తల మాత్రం ఊపారు. నేను అదే స్వరాన్ని ఇరవై సార్లు వాయించాను.

ఈ పనే ఇప్పుడు రోజూ పావుగంట. ఇ తీగ మీద మొదటి స్థానం ఎఫ్ ఇంకా లొంగలేదు. అక్కడ నట్, అంటే నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ, దాని గాడి కాస్త ఎత్తుగా ఉందేమోనని అనుమానం, నొక్కితే తీగ సాగి శ్రుతి పైకి పోతోంది. ఆదివారం సూది ఆకురాయి పట్టుకుని కూర్చోవాలి.