మంచు రోడ్డు మీద బండిని ఏ చక్రాలు లాగాలి?

మంచు పడే చోట కారు కొనేవాళ్లు మొదట అడిగేది ఫ్రంట్ వీల్ డ్రైవా, రియర్ వీల్ డ్రైవా, ఆల్ వీల్ డ్రైవా అని. అడగాల్సిన ప్రశ్నే, కాకపోతే అది రెండోది. మొదటిది టైర్ల గురించి. ఇంజను బలం ఏ చక్రాలకి వెళ్తుందన్నదే డ్రైవ్ తేల్చే విషయం. బ్రేకులు మాత్రం ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి. అందుకే ఆగేటప్పుడు రబ్బరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న పట్టే లెక్క, డ్రైవ్ కాదు.

అంకెల్లో చూద్దాం. గంటకి 50 కి.మీ. వేగంలో బ్రేకు గట్టిగా తొక్కితే, ఘర్షణ గుణకం (టైరుకి రోడ్డు మీద ఎంత పట్టుందో చెప్పే అంకె) 0.8 ఉన్న పొడి తారు రోడ్డు మీద బండి సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. అణిగి గట్టిపడ్డ మంచు మీద గుణకం 0.25 అనుకుంటే 39 మీటర్లు కావాలి. గాజులాంటి ఐసు మీద అది 0.1కి పడిపోతే 98 మీటర్లు. ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదకి పోయేలోపు నడిచే దూరం ఇందులో లేదు. ఒకే టైర్లు వేస్తే మూడు రకాల కార్లకీ ఇవే అంకెలు.

డ్రైవ్ తేడా బయటపడేది కదిలేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, మలుపులో యాక్సిలరేటర్ తొక్కేటప్పుడు.

ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో ఇంజనూ గేర్‌బాక్సూ లాగే చక్రాల మీదే కూర్చుంటాయి. ఖాళీ కారు బరువులో 60 శాతం దాకా ముందే ఉంటుంది కాబట్టి చదునైన రోడ్డు మీద సులువుగా కదులుతుంది. ఇబ్బంది మలుపులో వస్తుంది. లాగాల్సిందీ తిరగాల్సిందీ అవే చక్రాలు. టైరుకున్న పట్టులో లాగడానికి ఎంత ఖర్చయితే తిరగడానికి అంత తక్కువ మిగులుతుంది. స్టీరింగ్ తిప్పినా ముక్కు నేరుగా పోతుంటే ఇంకా తిప్పకండి. యాక్సిలరేటర్ నెమ్మదిగా తగ్గించి, స్టీరింగ్ కాస్త వెనక్కి తెస్తే టైరు మళ్లీ పట్టుకుంటుంది. కాలు ఒక్కసారిగా తీసేస్తే బరువు ముందుకి వాలి, వెనక తేలికై, తోక పక్కకి జారుతుంది. ముందు చక్రాలే లాగుతున్నాయి కదా అని వింటర్ టైర్లు ముందు రెండింటికే వేసిన కారులో ఇది ఇంకా ఘోరంగా ఉంటుంది. ముందు పట్టుకుంటుంది, వెనక పట్టుకోదు, బ్రేకు తొక్కగానే బండి గింగిరాలు తిరుగుతుంది. వేస్తే నాలుగూ వేయాలి.

రియర్ వీల్ డ్రైవ్‌కి మంచులో పనికిరాదన్న పేరు ఎక్కువగా ఖాళీ పికప్పుల వల్ల వచ్చింది. వాటిలో లాగే చక్రాల మీద బరువు ఉండదు. బరువు ముందూ వెనకా సగం సగం పంచిన సెడాన్ సంగతి అంత అన్యాయంగా ఉండదు. కాస్త లెక్క వేయండి: అణిగిన మంచు మీద 60 శాతం బరువు ముందున్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ సుమారు 14 శాతం వాలు, అంటే వంద మీటర్లకి 14 మీటర్లు లేచే ఎత్తు, ఎక్కగలదు. 50 శాతం వెనకున్న రియర్ వీల్ డ్రైవ్ సుమారు 13 శాతం. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది కాబట్టే ఇంత దగ్గరగా వస్తాయి. వెనక సీట్లో ఇద్దరు కూర్చుని, డిక్కీ నిండితే లెక్క తిరగబడుతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ 12 శాతం దగ్గర ఆగిపోతే, రియర్ వీల్ డ్రైవ్ 14 దాటుతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు ఎక్కలేని చిన్న ఎత్తుని రివర్స్‌లో ఎక్కడం ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని, చిన్న దూరానికి మాత్రమే.

రియర్ వీల్ డ్రైవ్‌లో జాగ్రత్తంతా కుడికాలిలో ఉంది. ఎక్కువ తొక్కితే తోక పక్కకి తిరుగుతుంది. అప్పుడు బ్రేకు జోలికి పోకుండా, యాక్సిలరేటర్ తగ్గిస్తూ, బండి ఎటు పోవాలో అటు ముందు చక్రాలు చూపించాలి. తోక సర్దుకోగానే స్టీరింగ్‌ని వెంటనే మధ్యకి తేవాలి. ఆలస్యమైతే తోక రెండో వైపుకి విసిరేస్తుంది, చాలామంది దొరికిపోయేది ఆ రెండో జారుడులోనే. మాన్యువల్ గేర్ల కారైతే రెండో గేరులో కదపండి. వాలు దిగేటప్పుడు గేరు తగ్గించి క్లచ్ టక్కున వదిలితే ఇంజను బ్రేకింగ్ అంతా వెనక చక్రాల మీదే పడి తోక జారుతుంది. వెనక మోటారున్న ఎలక్ట్రిక్ కారులో కాలు తీయగానే వచ్చే రీజెనరేటివ్ బ్రేకింగ్ (మోటారే కరెంటు తయారుచేస్తూ బండి వేగం తగ్గించడం) కూడా ఇదే పని చేస్తుంది. ఐసు ఉన్న రోజు దాన్ని తక్కువ స్థాయిలో పెట్టుకోండి. అయితే వీటిలో చక్రం జారగానే బలం తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ చాలా త్వరగా స్పందిస్తుంది, బ్యాటరీ బరువు నేల దగ్గర ఉంటుంది, అందుకే పాత రియర్ వీల్ డ్రైవ్ భయాలన్నీ వీటికి అంటగట్టనక్కర్లేదు.

పికప్పు వెనక ఇసుక బస్తాలు వేసేవాళ్లు 50 నుంచి 100 కిలోలు సరిగ్గా ఇరుసు మీద ఉండేలా పెట్టి, కదలకుండా కట్టాలి. వెనక తలుపు దగ్గరికి నెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు పోతుంది.

ఆల్ వీల్ డ్రైవ్ అన్న పేరు కింద మూడు నాలుగు వేర్వేరు యంత్రాలున్నాయి. చాలా చిన్న ఎస్‌యూవీల్లో ఉండేది ఆన్ డిమాండ్ రకం. మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి, అవి జారినప్పుడో జారతాయని కంప్యూటర్ అనుకున్నప్పుడో మల్టీప్లేట్ క్లచ్ (ఒకదానికొకటి అదుముకునే పలకల వరస) బిగుసుకుని వెనక్కి బలం పంపుతుంది. లోతు మంచులో ఎక్కువసేపు చక్రాలు తిప్పితే ఆ క్లచ్ వేడెక్కి, తనను కాపాడుకోవడానికి విడిపోతుంది. సరిగ్గా అవసరమైనప్పుడే మీ చేతిలో ఫ్రంట్ వీల్ డ్రైవ్ మిగులుతుంది. చాలా క్లచ్‌లకి విడిగా ఆయిల్ ఉంటుంది, కారుతో వచ్చే మాన్యువల్ పుస్తకంలో చెప్పిన గడువుకి మార్చాలి. ఫుల్ టైమ్ రకంలో మధ్యన డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల ఏర్పాటు) ఉండి నాలుగు చక్రాలకీ ఎప్పుడూ బలం వెళ్తుంది. లివర్ వేసి పెట్టుకునే పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో చాలా వాటికి మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. పొడి రోడ్డు మీద ఆ తేడా ఎక్కడికీ పోలేక షాఫ్టులు మెలిపడతాయి, బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. సగం మంచు, సగం తారు ఉన్న దారిలో తారు రాగానే టూ వీల్‌కి మార్చడం మరవకండి.

ఇక అసలు చిక్కు. అదే 0.25 గుణకానికి నాలుగు చక్రాలూ లాగితే 25 శాతం వాలు దాకా ఎక్కుతుంది. ఐసు మీద 10 శాతం. కానీ 10 శాతం ఐసు వాలు దిగుతూ బ్రేకు తొక్కితే ఏ కారూ ఆగదు, ఎందుకంటే కిందికి లాగే బలమూ టైరు పట్టూ సమానం. అంటే ఆల్ వీల్ డ్రైవ్ మిమ్మల్ని దిగలేని చోటికి ఎక్కించగలదు. టూ వీల్ డ్రైవ్ కారు ఎత్తు మొదట్లోనే చక్రాలు జారి ముందే హెచ్చరిస్తుంది, ఆల్ వీల్ డ్రైవ్ ఆ హెచ్చరికను దాచేస్తుంది. పట్టు ఎంతుందో తెలియాలంటే వెనక బండి లేనప్పుడు నేరు రోడ్డు మీద 20, 30 వేగంలో బ్రేకు నొక్కి చూడండి. కాస్తకే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకుని పట్టి వదిలే ఏర్పాటు) పనిచేసి పెడల్ కొట్టుకుంటే వేగం బాగా తగ్గించాలి.

ఆల్ వీల్ డ్రైవ్‌లో ఒక టైరు మార్చాలన్నా ఆలోచించాలి. కొత్తదీ అరిగినదీ చుట్టుకొలత తేడాగా ఉంటే క్లచ్‌గానీ డిఫరెన్షియల్‌గానీ ఎప్పుడూ జారుతున్నట్టే పనిచేసి పాడవుతుంది. ట్రెడ్ (టైరు మీది గాడుల) లోతులో 2 మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే నాలుగూ మార్చడమే మంచిది.

టైరు విషయానికొస్తే, 7 డిగ్రీల కంటే కిందికి పోతే వేసవి టైరు రబ్బరు గట్టిపడుతుంది. టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు ఉన్నదే చూసి కొనండి. ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలు మాత్రమే ఉంటే మంచు పరీక్ష నెగ్గినట్టు కాదు. చట్టం చాలా చోట్ల 1.6 మి.మీ. ట్రెడ్ చాలంటుంది. మంచుకి 4 మి.మీ. కంటే తక్కువైతే పనికిరాదనే నా లెక్క. చలి 10 డిగ్రీలు పెరిగితే గాలి సుమారు 0.1 బార్ తగ్గుతుంది, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి. నా మాటైతే, డబ్బు ఒక్కదానికే ఉంటే మంచి వింటర్ టైర్లున్న ఫ్రంట్ వీల్ డ్రైవే కొంటాను, వేసవి టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ కాదు. రోజూ ఏటవాలు దారి, మంచు తీయని రోడ్డు ఉంటే రెండూ కావాలి.

ఇరుక్కుపోతే ముందు పొగగొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుంటే విషవాయువు కారులోకి వస్తుంది. తర్వాత చక్రాల ముందు తవ్వి, లాగే చక్రాల కింద ఇసుక చల్లి, స్టీరింగ్ నేరుగా పెట్టి, ట్రాక్షన్ కంట్రోల్ ఆపి మెల్లగా కదపండి. అది ఆన్‌లో ఉంటే జారగానే బలం తగ్గించేసి కదలనివ్వదు. బయటపడగానే మళ్లీ ఆన్ చేయాలి.

చెయిన్లు లాగే చక్రాలకే వేయాలి. ఆల్ వీల్ డ్రైవ్‌లో ఏ ఇరుసుకో కారు మాన్యువల్ చెబుతుంది, కొన్ని కార్లకి చెయిన్లే పనికిరావు. ఎత్తు మధ్యలో కాకుండా కిందే ఆపి తొడగండి, కొంచెం దూరం నడిపాక దిగి మళ్లీ బిగించండి. వేగం 50 దాటనివ్వకండి. ఖాళీ తారు రాగానే విప్పేయండి.