మెటల్ ఓడ ఎక్కబోయేవాళ్లకు

హెవీ మెటల్ సంగీతం వినేవాళ్లలో 70000 టన్స్ ఆఫ్ మెటల్ పేరు తెలియనివాళ్లు తక్కువ. 2011 జనవరిలో మయామీలో మొదలైన ఈ సంగీత క్రూజ్ (ఓడ మీద జరిగే ఫెస్టివల్) శీతాకాలంలో ఫ్లోరిడా తీరం నుంచి నాలుగు రోజుల ప్రయాణానికి బయల్దేరుతుంది. ఓడ మొత్తాన్నీ నిర్వాహకులే అద్దెకు తీసుకుంటారు కాబట్టి మామూలు విహారయాత్రికులు అందులో ఉండరు. ఇటీవలి ప్రయాణాల్లో 60 బ్యాండ్లు, దాదాపు 3,000 మంది అభిమానులు. పేరులోని డెబ్బై వేలు మొదటి ఓడ మెజెస్టీ ఆఫ్ ద సీస్ టన్నేజీని బట్టి వచ్చినవి. తర్వాత వాడిన ఇండిపెండెన్స్ ఆఫ్ ద సీస్ అయితే 1.5 లక్షలు దాటుతుంది. (ఈ టన్నేజీ ఓడ బరువు కాదు, లోపలి ఘనపరిమాణానికి కొలత.)

ఒడ్డు మీద జరిగే పెద్ద ఫెస్టివల్స్‌లో దొరకనివి ఇక్కడ రెండున్నాయి. ప్రతి బ్యాండూ రెండుసార్లు వాయిస్తుంది. వీఐపీ అంటూ వేరే జాగా ఉండదు: వేదిక మీద చూసిన గిటారిస్టే మర్నాడు బఫేలో మీ ముందు పళ్లెం పట్టుకుని నిలబడతాడు. సంగీతాన్ని ఇంత దగ్గరగా, ఇంత సమానంగా పంచే చోటు నాకు తెలిసి ఇంకొకటి లేదు. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లు చిన్నచిన్న పొరపాట్ల వల్ల దాన్ని పోగొట్టుకోకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీదో ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీదో ఉన్న మనవాళ్లు డబ్బు కట్టే ముందు పాస్‌పోర్టులోని వీసా స్టాంపు గడువు చూసుకోవాలి. ఓడ మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగుతుంది. మీరు దిగకుండా క్యాబిన్‌లోనే పడుకున్నా అమెరికా విడిచి వెళ్లినట్టే లెక్క. స్టాంపు గడువు తీరినవాళ్లకు ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది కానీ అది అందరికీ ఒకేలా వర్తించదు. 30 రోజుల లోపు ప్రయాణమై, ఐ-94 (అమెరికాలో ఉండేందుకు అనుమతి పత్రం) గడువు మిగిలి ఉంటే, హెచ్‌-1బీ వాళ్లకు కెనడా, మెక్సికోలకు మాత్రమే పనికొస్తుంది. ఎఫ్‌-1, జె-1 (ఎక్స్ఛేంజ్ వీసా) వాళ్లకు క్యూబా తప్ప కరీబియన్ దీవులకు కూడా వర్తిస్తుంది. అంటే ఓడ మెక్సికోలోని కోజుమెల్‌లో ఆగే ఏడాది హెచ్‌-1బీ ఉద్యోగి గడువు తీరిన స్టాంపుతోనే తిరిగి రావచ్చు. అదే ఓడ జమైకాలోని ఓచో రియోస్‌కి వెళ్లే ఏడాది రాలేడు. రేవు ఏటా మారుతుంది కాబట్టి పోయినేడు వెళ్లొచ్చిన స్నేహితుడి మాట ఈ ఏడాదికి చెల్లదు. విద్యార్థులు ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం) మీద ప్రయాణ సంతకం కూడా చూసుకోవాలి. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. రేవు ఉన్న దేశం భారతీయులను వీసా అడుగుతుందా లేదా అన్నది వేరే సంగతి, దాన్ని విడిగా కనుక్కోండి.

టికెట్ క్రూజ్ కంపెనీ వెబ్‌సైట్‌లో దొరకదు, నిర్వాహకుల దగ్గరే కొనాలి. చూపించే ధర ఒక మనిషికి, అదీ క్యాబిన్‌ పంచుకుంటే. పన్నులు, రుసుములు దాని మీద వేరే. ఒంటరిగా వెళ్లేవాళ్లు తోడు చూసుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. కిటికీ లేని లోపలి క్యాబిన్ చాలు, బాల్కనీకి పోసే డబ్బు వృథా అని నా గట్టి అభిప్రాయం. పగలు నిద్రపోవాల్సిన ఈ ప్రయాణంలో చీకటిగది వరం. డెక్ మ్యాప్ చూసి, పైనా కిందా క్యాబిన్లే ఉన్న గదిని ఎంచుకోండి. ఈత కొలను డెక్ కిందో, థియేటర్ పక్కనో పడితే తెల్లవారుజాము దాకా డ్రమ్స్ గోడలోంచి వస్తూనే ఉంటాయి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ఓడ నడిమి భాగంలో, కింది డెక్కుల్లో తీసుకోవాలి, ఊపు అక్కడే తక్కువ. మెక్లిజైన్ లాంటి వాంతులు రాకుండా వేసుకునే మాత్ర వాంతులు మొదలయ్యాక పెద్దగా పనిచేయదు, గంట ముందే వేసుకోవాలి. దాని మీద మద్యం తాగితే మత్తు ఇంకా పెరుగుతుంది.

బయల్దేరే రోజు ఉదయం విమానంలో దిగి నేరుగా రేవుకు వెళ్లాలనుకోవద్దు. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు, చెకిన్ అంతకు చాలాముందే మూసేస్తారు. ముందురోజే చేరండి. పెద్ద పెట్టె రేవులో కూలీలకిస్తే క్యాబిన్‌ దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది కాబట్టి పాస్‌పోర్టు, మందులు, ఇయర్ ప్లగ్స్ చేతి సంచిలోనే ఉండాలి. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజీ హఠాత్తుగా పెరిగితే అడ్డుకునే పరికరం) ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు. ఓడ విద్యుత్ వ్యవస్థ ఇంట్లో దానిలాంటిది కాదు. రెండు తీగల్లోనూ కరెంటు ఉంటుంది, అందువల్ల సర్జ్ ప్రొటెక్టర్ వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. ఫోన్ల కోసం యూఎస్‌బీ ఛార్జర్ తెచ్చుకోండి. ఇంట్లో వండిన తిండి కుదరదు. సీలు తీయని పచ్చడి ప్యాకెట్‌కి సాధారణంగా అభ్యంతరం ఉండదు.

ఎక్కగానే మస్టర్ డ్రిల్ (ప్రమాద సమయంలో ఎక్కడ చేరాలో చూపే భద్రతా కసరత్తు) తప్పనిసరి. ఓడవాళ్లు ఇచ్చే మీ కార్డు మీద రాసిన చోటికి వెళ్లి హాజరు వేయించుకోవాలి. కొనుగోళ్లన్నీ ఆ కార్డు మీదే నడుస్తాయి. తిండి టికెట్‌లో కలిసే ఉంటుంది, మద్యం ఉండదు, దాని ధర మీద టిప్పు కూడా కలుస్తుంది. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టకపోతే ఓడ మీది సెల్ టవర్ రోమింగ్ బిల్లు బెంబేలెత్తిస్తుంది.

ఇక అసలు సంగతి. ఏ బ్యాండు ఎప్పుడన్నది బయల్దేరడానికి కాస్త ముందే తెలుస్తుంది. ఈత కొలను దగ్గరి ఆరుబయటి వేదికను ఓడ కదిలాక పూర్తిచేస్తారు, అందుకే మొదటి రోజు ప్రదర్శనలన్నీ లోపలే. గాలి ఎక్కువైతే ఆ పని ఆగిపోయి వరుస మొత్తం మారుతుంది. ప్రాణం పెట్టే బ్యాండు ఏదైనా ఉంటే మొదటి ప్రదర్శనకే వెళ్లండి, రెండోది ఉందిగా అని వదలొద్దు. ధ్వని థియేటర్‌లో శుభ్రంగా ఉంటుంది, కానీ కుర్చీలు బిగించి ఉంటాయి. మాష్ పిట్ (వేదిక ముందు ఒకరినొకరు తోసుకుంటూ ఆడే గుంపు) కావాలంటే ఐస్ రింక్ నేల మంచిది. ఆరుబయట గాలికి మోత చెదిరిపోతుంది, అయినా నడి సముద్రంలో అర్ధరాత్రి డబుల్ బాస్ డ్రమ్స్ వినడం మరెక్కడా దొరకదు. కెనడా బ్యాండ్ అనైహిలేటర్ గిటారిస్టు జెఫ్ వాటర్స్ పేరుతో ముడిపడ్డ జామ్ ఉంటే దాన్ని మాత్రం వదలొద్దు: వేర్వేరు బ్యాండ్లవాళ్లు కలిసి వాయిస్తారు.

చెవుల విషయంలో మొండితనం వద్దు. 85 డెసిబెళ్ల దగ్గర 8 గంటలు భద్రమైతే, ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. ఇక్కడ రోజుకు పది గంటలు వింటారు. సంగీతకారులు వాడే ఫిల్టర్ ప్లగ్స్ పెట్టుకుంటే పాట రంగు మారదు. నిద్రను రెండు ముక్కలు చేసుకోండి: తెల్లవారి ఒక ఐదు గంటలు, సాయంత్రం భోజనానికి ముందు ఒక రెండు గంటలు.

చివరి రాత్రి పెద్ద పెట్టె క్యాబిన్ బయట పెట్టేస్తే మర్నాడు రేవులోని హాల్లో తీసుకోవచ్చు. మర్నాటి బట్టలు, పాస్‌పోర్టు మాత్రం అందులో వేయొద్దు. కార్డు బిల్లు ఆ రాత్రే సరిచూసుకోండి, పొద్దున్న గెస్ట్ సర్వీసెస్ దగ్గర వరుస కదలదు. ఇమిగ్రేషన్‌లో అమెరికా పౌరులు కానివాళ్లకు ఎక్కువసేపు పట్టవచ్చు, అందుకని తిరుగు విమానం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతదే తీసుకోండి.